మస్కట్ ముచ్చట్లు: కొండకీ సముద్రానికీ మధ్య ఒక అరగంట

మస్కట్ పటం ఎప్పుడైనా కాస్త తీరిగ్గా చూశారా? మన హైదరాబాద్‌లా గుండ్రంగా నాలుగు వైపులా పెరిగిన ఊరు కాదిది. ఒక పక్క హజర్ కొండలు, ఇంకో పక్క సముద్రం. ఆ రెంటి మధ్యా ఆరేసిన చీరలా పొడుగ్గా సాగిపోయింది. ఒక కొంగు మత్రా, రువీ. రెండో కొంగు సీబ్, మబేలా, ఇంకా అవతల బర్కా. ఈ కొంగు నుంచి ఆ కొంగుకి పోవాలంటే ఉన్నవి రెండే పెద్ద దారులు. ఒకటి సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్, రెండోది మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే. మూడో దారి వేద్దామన్నా అటు నీళ్ళు, ఇటు రాళ్ళు.

అందుకే ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు "ట్రాఫిక్ తప్పించుకునే అడ్డదారి ఏదైనా ఉందా అక్కా?" అని అడిగితే నాకు నవ్వొస్తుంది. హైదరాబాద్‌లో అయితే ఔటర్ ఎక్కి 158 కిలోమీటర్ల చుట్టులో ఎక్కడో ఒకచోట దిగొచ్చు. ఇక్కడ ఊరి చుట్టూ తిరగడానికి చుట్టే లేదు. మస్కట్‌లో ట్రాఫిక్ తప్పించుకోవాలంటే దారి మార్చడం కన్నా బయల్దేరే వేళ మార్చుకోవడమే ఎక్కువ ఉపయోగం. చెప్పడానికి తేలికే. ఇంట్లో ఎవరి వేళ మారాలి అన్న దగ్గరే అసలు పేచీ.

నేను ఈ దేశం వచ్చింది 2006లో. అప్పటికి ఎక్స్‌ప్రెస్‌వే లేదు. అందరం సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్ మీదే. తరవాత కొండల వారగా 50 కిలోమీటర్లకు పైగా ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. టోల్ లేదు, సిగ్నల్ లేదు, 120 దాకా పోవచ్చు. ఇంక మన కష్టాలు తీరాయి అనుకున్నాం. కొన్నాళ్ళు తీరాయి కూడా. ఈలోగా సీబ్, అల్ ఖూద్, మబేలా వైపు ఇళ్ళు పెరిగాయి. అద్దెలు తక్కువని మనవాళ్ళు కూడా అటే వెళ్ళారు. ఆఫీసులు మాత్రం చాలావరకు ఘాలా, అల్ ఖువైర్, రువీల్లోనే ఉండిపోయాయి. పొద్దున్నే ఊరంతా ఒకే వైపుకి నడుస్తుంది, సాయంత్రం ఊరంతా వెనక్కి తిరుగుతుంది.

ఇంకొక సంగతి. ఎక్స్‌ప్రెస్‌వే రువీ దాకా పోదు. ఖురమ్ దగ్గర పాత రోడ్డులో కలిసిపోతుంది. రెండు దారుల్లో వచ్చిన కార్లన్నీ అక్కడి నుంచి వతయ్యా మీదుగా రువీకి ఒకే గొంతులో దిగాలి. బిందెడు నీళ్ళు సీసాలో పోస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి రువీ, దర్సైత్, మత్రా వైపు వెళ్ళేవాళ్ళకి ఏ రోడ్డు ఎక్కారన్నది సగం లెక్కే. ఖురమ్‌కి ఎన్నింటికి చేరారన్నది మిగతా సగం. అల్ ఖువైర్‌లోనో ఘాలాలోనో ఆగిపోయేవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకి ఆ గొంతు తగలదు.

పొద్దుటి రద్దీ ఒక్కటే అల అనుకుంటాం గానీ నిజానికి అవి రెండు మూడు అలలు. మొదటిది స్కూలు బస్సులది. మన ఇండియన్ స్కూళ్ళు ఏడు గంటల ప్రాంతానికే మొదలవుతాయి కాబట్టి ఆరు కాకముందే బస్సులు గల్లీల్లో తిరుగుతుంటాయి. దాని వెనకే ప్రభుత్వ ఆఫీసులవాళ్ళు, ఏడున్నరకి. ఆ వెనక ప్రైవేటు వాళ్ళు, ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ. ఒక అల తోక మీద ఇంకో అల తల పడుతుంది. ఏడింటికి బయల్దేరినవాళ్ళు వాటన్నిటి మధ్యలో ఇరుక్కుంటారు. ఆరుంబావుకి గేటు దాటినవాళ్ళు మొదటి అల కన్నా ముందుంటారు. ఎనిమిదిన్నర తరవాత వచ్చేవాళ్ళకి సముద్రం చల్లబడి ఉంటుంది.

మధ్యాహ్నం రెండున్నరకి ప్రభుత్వ ఆఫీసులు విడిచినప్పుడు ఒక రద్దీ, మళ్ళీ అయిదు నుంచి ఏడు దాకా ఇంకో రద్దీ. రువీ, మత్రాల్లో పాత పద్ధతి దుకాణాలు ఒంటిగంటకి మూసి నాలుక్కి తెరుస్తాయి. వాటిల్లో పనిచేసేవాళ్ళు భోజనానికి ఇంటికి వచ్చి వెళ్తే రోజుకి నాలుగుసార్లు రోడ్డు మీదే. దుకాణంలో పనిచేసే మొగుళ్ళున్న ఇళ్ళు చాలావరకు రువీ, వాదీ కబీర్, దర్సైత్ చుట్టుపక్కల ఉండటానికి ఇదొక కారణం.

2022 మేలో ప్రభుత్వ ఆఫీసుల్లో కాస్త వెసులుబాటు తెచ్చారు. ఏడున్నర, ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర, వీటిలో ఎప్పుడు వచ్చినా ఏడు గంటలు పనిచేసి వెళ్ళొచ్చు. రద్దీ పోయిందనను, పలచబడింది. నా దృష్టిలో కొత్త రోడ్డు వేయడం కన్నా ఇది తెలివైన పని. దుబాయ్ వాళ్ళు ఇంకో మార్గం పట్టారు. 2025 జనవరి 31 నుంచి సాలిక్ గేటు కింద రద్దీ వేళల్లో వెళ్తే ఆరు దిర్హాములు, మామూలు వేళల్లో నాలుగు, రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ఉచితం. హైదరాబాద్‌లో 2023 జులై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను ఒకేసారి వదలకుండా మూడింటికి కొందరిని, నాలుగున్నరకి కొందరిని పంపమన్నది మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కడ చూసినా పెద్ద ఊళ్ళు చివరికి వచ్చి ఆగుతున్నది గడియారం దగ్గరే.

ఇక ఉత్తరం సంగతి. పోయిన నెల ఒక చెల్లి రాసింది. పేరు వద్దంది. మబేలాలో ఉంటారు. ఆయన ఆఫీసు రుసైల్ ఇండస్ట్రియల్ ఏరియాలో, పావుగంట దూరం. తనకి రువీలో అకౌంట్స్ ఉద్యోగం. ఆరున్నరకి బయల్దేరితే ఎనిమిదికి చేరుతుంది, సాయంత్రం ఇల్లు చేరేసరికి ఏడు. నాలుగేళ్ళ పాప పొరుగింటి ఆంటీ దగ్గర. "మావారు ఉద్యోగం మానేయమంటున్నారు అక్కా. నాకేమో మానాలని లేదు. ట్రాఫిక్ తప్పించుకునే ఉపాయం ఏదైనా చెప్పండి" అని.

చెల్లీ, ముందు లెక్క వేద్దాం. మబేలా నుంచి రువీకి ఒకవైపే 40 కిలోమీటర్లకు పైన. రానూపోనూ నెలకి 22 రోజులు తిరిగితే దాదాపు 1,800 కిలోమీటర్లు. నూటికి పది లీటర్లు తాగే కారైతే 180 లీటర్లు. 2021 చివరి నుంచి ఇక్కడ పెట్రోలు ధరకి పైకప్పు వేశారు, ఎమ్91 లీటరు 229 బైసాలు, ఎమ్95 అయితే 239. అంటే నెలకి 41 నుంచి 43 రియాళ్ళు. టైర్లు, సర్వీసు వేరే. రోజుకి మూడున్నర నాలుగు గంటలు కార్లో కూర్చోవడం, పాప పక్కన లేకపోవడం, వాటికి రేటు నేను కట్టలేను. ఆ 43 రియాళ్ళనూ మబేలా అద్దెలో మిగిలే డబ్బునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఘుబ్రాలోనో అజైబాలోనో బౌషర్‌లోనో చిన్న ఫ్లాట్ తీసుకుంటే తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

అప్పుడు మీవారు అంటారు, "నాకు దూరమవుతుంది కదా" అని. దూరమవుతుంది. కానీ ఆయన పొద్దున్నే ఊరు మీదికి వచ్చే కార్లకి ఎదురు వైపు, ఖాళీ రోడ్డు మీద వెళ్తారు. అజైబా నుంచి రుసైల్‌కి ఎదురు వైపు వెళ్ళడం, మబేలా నుంచి రువీకి జనంతో పాటు వెళ్ళడం ఒకటి కావు. కిలోమీటర్లు చూసి దూరం కొలవద్దు, నిమిషాలు చూసి కొలవండి. ఈ ఊళ్ళో ఇల్లు వెతికేటప్పుడు మన ఇళ్ళలో జరిగేదేమిటంటే, ఆయన ఆఫీసు చుట్టూ ఒక గీత గీసి, పిల్లల స్కూలు బస్సు వస్తుందా లేదా చూసి, అద్దె మాట్లాడి, తాళం తీసుకుంటారు. ఆవిడ ఉద్యోగం ఎంత దూరం అన్నది సామాన్లు సర్దాక గుర్తొస్తుంది. తరవాత ఆరు నెలలకి "ఇంత అవస్థ నీకెందుకు, మానెయ్" అని ప్రేమగా అంటారు. ప్రేమ నిజమే, కాదనను. కానీ మానేయాల్సింది ఆ ఇంటినేమో అని ఎవరూ అనరు.

ఇల్లు ఇప్పుడే మారలేమంటే రెండో మాట. ఆఫీసులో అరగంట అడగండి. ఎనిమిదికి బదులు ఏడున్నరకి వచ్చి, సాయంత్రం అరగంట ముందు వెళ్తానని. జీతం పెంచమన్నట్టు బతిమాలి అడగొద్దు. ఒక పదిహేను రోజులు బయల్దేరిన టైము, చేరిన టైము కాగితం మీద రాసుకుని, అది పట్టుకెళ్ళి మాట్లాడండి. ఆరుకల్లా ఇల్లు దాటగలిగితే గంటన్నర ప్రయాణం మామూలు ప్రయాణం అవుతుంది. ఆ అరగంటలో పాపకి పాలు కలిపి ఇవ్వడం, బాక్సు సర్దడం మీవారు చేస్తారా అన్నది నేను తేల్చేది కాదు. ఆయన ఆఫీసు పావుగంటే కాబట్టి చేయడానికి ఆయనకి టైముంది, అంతవరకు చెప్పగలను.

పసిపిల్లలున్న చెల్లెళ్ళకి ఒక మాట. 2023లో వచ్చిన కొత్త లేబర్ చట్టంలో ప్రసూతి సెలవు 98 రోజులు చేశారు. సెలవు అయ్యాక ఏడాది పాటు బిడ్డ కోసం రోజుకి ఒక గంట ఉంటుంది. చాలామంది ఆ గంటని మధ్యాహ్నం ఎక్కడో వాడి పోగొట్టుకుంటారు. బిడ్డ ఇంట్లో, మనం ఆఫీసులో ఉంటే మధ్యాహ్నం గంట ఏం చేసుకుంటాం? దాన్ని సాయంత్రం చివర పెట్టేలా ఆఫీసుతో మాట్లాడుకుంటే, అయిదింటి అల రాకముందే ఖురమ్ దాటేయొచ్చు. గంట మిగిలినచోట గంటన్నర మిగులుతుంది.

అడ్డదారులు అసలే లేవా అంటే, కొన్ని చోట్ల ఉన్నాయి. అజైబా, ఘుబ్రాల్లో ఉన్నవాళ్ళు ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళాలంటే హైవే ఎక్కకుండా సముద్రం వైపున్న 18 నవంబర్ స్ట్రీట్ మీద పోవచ్చు. కూరగాయలకీ పిల్లల ట్యూషన్లకీ అది హాయి. సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్ పక్కన సర్వీస్ రోడ్లు ఉన్నాయి, దగ్గరి పనులకి బాగుంటాయి. హైవే ఆగిపోయిందని సర్వీస్ రోడ్డులోకి దిగి, ముందు మళ్ళీ ఎక్కే విద్య మాత్రం నాకు నచ్చదు. మళ్ళీ ఎక్కేచోటే అందరూ ఆగుతారు. మీరు మిగుల్చుకున్న రెండు నిమిషాలు మీ వెనకున్న ఇరవై మంది దగ్గర తీసుకున్నవే.

ఇంకొకటి కొండ దారి. బౌషర్ నుంచి కొండెక్కి అమరాత్‌లో దిగి, అక్కడి నుంచి వాదీ అదై మీదుగా రువీ వైపు రావచ్చు. ఖురమ్ గొంతు తప్పుతుంది, నిజమే. కానీ పొద్దున అమరాత్ వాళ్ళంతా అదే వాదీ అదై దారిన వస్తారు. దిగుడు కూడా బాగా వాలు. గేరు తగ్గించి దిగాలి గానీ బ్రేకు మీద కాలు పెట్టి దిగకూడదు. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు ముందు శుక్రవారం పొద్దున ఎవరైనా తోడుగా వెళ్ళి చూసుకోండి.

బయల్దేరేముందు ఫోన్లో గూగుల్ మ్యాప్స్ చూడటం అందరికీ తెలుసు. "ఇన్నింటికి చేరాలి" అని పెట్టి ముందు రోజు రాత్రే చూసుకోవచ్చని తెలిసినవాళ్ళు తక్కువ. ఎనిమిదికి చేరాలంటే ఎప్పుడు, ఏడున్నరకి చేరాలంటే ఎప్పుడు బయల్దేరాలో రెండూ చూడండి. చేరడం అరగంట ముందుకి జరిపితే ప్రయాణమే ఎంత తగ్గుతుందో మీకే కనపడుతుంది. కార్లో కూర్చున్నాక మాత్రం ఫోన్ ముట్టుకోవద్దు. ఆర్‌ఓపీ జరిమానా ఒకటే కాదు, కారణం మీకు తెలుసు.

ఎండ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మన రోడ్లు పడమటి నుంచి తూర్పుకి సాగుతాయి. పొద్దున రువీ వైపు వెళ్ళేవాళ్ళకి సూర్యుడు ఎదురుగా, సాయంత్రం సీబ్ వైపు తిరిగొచ్చేవాళ్ళకి మళ్ళీ ఎదురుగానే. ఊరు మొత్తం రోజుకి రెండుసార్లు కళ్ళు చికిలించి నడుపుతుంది. చల్లద్దాలు బ్యాగులో కాకుండా చేతికందేచోట పెట్టుకోండి. ముందద్దం లోపలి వైపు కూడా తుడవండి. దుమ్ము బయట ఎంతో లోపలా అంతే, ఎదురెండలో అదే తెర కట్టేస్తుంది.

లైసెన్సు ఉండీ నడపనివాళ్ళు మనలో ఎంతమందో. ఇండియా లైసెన్సు ఎన్నేళ్ళ పాతదైనా ఇక్కడ డ్రమ్ము టెస్టు, స్లోపు టెస్టు, రోడ్డు టెస్టు అన్నీ ఇచ్చి, లేడీ టీచరు దగ్గర నెలలు నేర్చుకుని, సంపాదించి, పర్సులో పెట్టేస్తారు. ఎందుకంటే "ఎక్స్‌ప్రెస్‌వే భయం". భయపడటం తప్పు కాదు, 120లో పక్కన పెద్ద బండి దూసుకుపోతే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ రద్దీ వేళ నేర్చుకోవడం మొదలుపెడితే ఆ భయం పోదు. శుక్రవారం పొద్దున ఏడింటికి ఊరు నిద్రపోతుంటుంది. 2013 మేలో వారాంతం గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారినప్పటి నుంచి మనకి అలాంటి పొద్దులు రెండు. ఆ వేళ కుడి లేనులోనే ఉండి, ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా నడిపి దిగిపోండి. మర్నాడు రెండు ఎగ్జిట్లు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎగ్జిట్లు దూరదూరంగా ఉంటాయి. ఒకటి దాటిపోతే కంగారుపడి చివరి క్షణంలో లేన్లు కోయొద్దు, తరవాతి దాంట్లో దిగి తిరిగి రండి. పోయేది పది నిమిషాలే. నాకు తెలిసిన ఒకావిడ దర్సైత్ కృష్ణుడి గుడికి శుక్రవారాలు ఇలా వెళ్ళి వెళ్ళి, ఇప్పుడు వారం మధ్యలో కూడా తనే నడుపుతోంది. దేవుడు లైసెన్సు ఇవ్వడు గానీ అలవాటు చేశాడు అంటుంది.

కారు లేని మన ఆడవాళ్ళు ఇంకా ఎక్కువమంది. గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ వచ్చి ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, చిన్న క్లినిక్కుల్లో నర్సులు. ట్రాఫిక్ మాటొస్తే వాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకప్పుడు వాళ్ళకి బైజా బస్సు, తెలుపు నారింజ రంగుల టాక్సీ తప్ప ఇంకో దిక్కు లేదు. 2015 నవంబరు నుంచి మువాసలాత్ ఎర్ర బస్సులు వచ్చాయి. రువీ నుంచి మబేలా దాకా ఒకటో నంబరు బస్సు పొడుగునా తిరుగుతుంది. ఏసీ ఉంటుంది, ముందు సీట్లు ఆడవాళ్ళకి. బస్సు కూడా అదే రద్దీలో ఆగుతుంది గానీ కూర్చున్నవాళ్ళు స్టీరింగు పట్టుకోనక్కర్లేదు. మీ ఇంట్లో పనికి వచ్చే ఆవిడ మబేలా నుంచో సీబ్ నుంచో వస్తుంటే, ఆవిడ్ని ఎనిమిదికి బదులు తొమ్మిదికి రమ్మనండి. మన ఆఫీసులో మనం అడిగే అరగంట లాంటిదే ఇది కూడా.

ఏడాదిలో కొన్ని రోజులు పై లెక్కలన్నీ తారుమారవుతాయి. గురువారం సాయంత్రం నిజ్వా వైపు, సూర్ వైపు, దుబాయ్ వైపు ఊరు ఖాళీ అవుతుంది. బుర్జ్ అల్ సహ్వా గడియారం స్తంభం దగ్గర ఆగిన కార్లు చూస్తే ఇంట్లోనే ఉండాలనిపిస్తుంది. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరితే నిజ్వాలో పొద్దుటి సంతకి కూడా అందుకోవచ్చు. రంజాన్‌లో పని వేళలు తగ్గుతాయి, మధ్యాహ్నం రద్దీ ముందుకి జరుగుతుంది. ఇఫ్తార్‌కి ముందు అరగంట మాత్రం రోడ్డు మీద ఉండకండి. రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు ఇంటికి చేరాలని తొందరపడే వేళ అది. బాంగు వినిపించాక బయల్దేరండి. సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్ అంత ఖాళీగా ఉండటం ఏడాదిలో ఇంకెప్పుడూ చూడరు.

వాన రోజు వేరు. ఆ రోజు పై చిట్కాలన్నీ పక్కన పెట్టేయండి. 2007 జూన్‌లో గోనూ తుఫానుకి ఖురమ్ నీళ్ళలో మునగడం నేను చూశాను. 2021 అక్టోబర్‌లో షాహీన్ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్‌లో బడిపిల్లలతో వెళ్తున్న బండి వాదీ నీళ్ళలో కొట్టుకుపోయి పిల్లలు చనిపోయిన వార్త చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాదీ నీళ్ళు మనకి పడిన వానతో రావు, కొండల్లో ఎక్కడో పడిన వానతో వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తుండగానే వస్తాయి. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, అవతలి ఒడ్డు కనపడుతూనే ఉంటుంది, ముందు బండి దాటింది కూడా. అయినా దాటకండి, అది చట్టప్రకారం నేరం కూడా. అమరాత్, వాదీ అదై దారులు ఆ రోజు తలుచుకోవద్దు. ఆఫీసుకి ఫోన్ చేసి రాలేనని చెప్పండి. ఇద్దరు పిల్లలు వేరు వేరు స్కూళ్ళలో ఉంటే ఎవరు ఎవరిని తీసుకురావాలో, దగ్గర్లో ఎవరింట్లో ఆగాలో ముందే అనుకుని, ఆ ఇంటి నంబరు స్కూలు డైరీ మొదటి పేజీలో రాసి పెట్టండి.